టెలికాం ఆర్డర్ ఫుల్‌ఫిల్‌మెంట్‌ను ఆటోమేట్ చేయడం ఎలా?

కస్టమర్ ఫైబర్ ఇంటర్నెట్ కోసం ఆర్డర్ పెట్టిన క్షణం నుంచి, అతని ఇంట్లో పరికరం నెట్‌వర్క్‌కు కలిసి, మొదటి బిల్లు తప్పుల్లేకుండా చేతికందే దాకా జరిగే పని మొత్తాన్ని టెలికాం రంగంలో ఆర్డర్ ఫుల్‌ఫిల్‌మెంట్ అంటారు. కస్టమర్‌కు అది ఒక్కటే ఆర్డర్. సంస్థ లోపల మాత్రం చిరునామా తనిఖీ, పోర్టు (నెట్‌వర్క్ పరికరంలో కనెక్షన్ కలిపే చోటు) కేటాయింపు, పరికరం పంపడం, టెక్నీషియన్ రాక, నెట్‌వర్క్‌లో యాక్టివేషన్, బిల్లింగ్ ప్రారంభం అనే పనులు ఒక్కొక్కటి ఒక్కో సిస్టమ్‌లో, చాలాసార్లు ఒక్కో విభాగం చేతిలో ఉంటాయి. ఈ విభాగాల మధ్య సమాచారాన్ని ఈమెయిళ్లతోనూ ఎక్సెల్ షీట్లతోనూ మోస్తున్న సంస్థలో ఆటోమేషన్ బాధ్యత మీ మీద పడి ఉంటే, ఏ వరుసలో ముందుకు వెళ్లాలో ఇక్కడ వివరిస్తాను. మీరు వాడే సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీదైనా ఈ వరుస పెద్దగా మారదు.

అన్నీ సవ్యంగా సాగే ఆర్డర్‌ను ఆటోమేట్ చేయడం అంత కష్టమేమీ కాదు. మధ్యలో ఆగిపోయేవి, సగం దారిలో మారేవి, రద్దయ్యేవి అనే మూడు రకాల ఆర్డర్లను సిస్టమ్ ఎలా చూసుకుంటుందన్న దాని మీదే మీ శ్రమ నిలబడుతుంది లేదా వృథా అవుతుంది. అందుకే వాటి గురించిన భాగాలను కాస్త విస్తరించి రాశాను.

1. ఇప్పుడు పని ఎలా జరుగుతోందో చూసి రాసుకోండి

ప్రాసెస్ డాక్యుమెంట్లతో మొదలుపెట్టకండి. ఆర్డర్లను రోజూ చేతితో నడిపిస్తున్న ఉద్యోగి పక్కన రెండు మూడు రోజులు కూర్చోండి. నేను అలా కూర్చున్న ఒక చోట, ఒక మహిళా ఉద్యోగి మానిటర్ అంచుకు చిన్న పసుపు చీటీ అంటించి ఉంది. ఏ ఎక్స్ఛేంజ్‌లలో పోర్టుల లెక్క సున్నా నుంచి మొదలవుతుందో, ఏ ఎక్స్ఛేంజ్‌లలో ఒకటి నుంచి మొదలవుతుందో ఆమె దానిమీద రాసుకున్నారు. ఆ తేడా ఏ డాక్యుమెంట్‌లోనూ లేదు, ఏ సిస్టమ్‌లోనూ లేదు. ఆ చీటీ చూడకుండా ఆటోమేట్ చేసి ఉంటే సగం ఎక్స్ఛేంజ్‌లలో ప్రతి కనెక్షనూ పక్క పోర్టుకు వెళ్లేది.

ప్రతి పనికీ ఈ వివరాలు సేకరించండి: పని ఎప్పుడు మొదలవుతుంది, ఏ సిస్టమ్ నుంచి ఏ సమాచారం తీసుకుంటుంది, పూర్తయిందని ఎలా తెలుస్తుంది, ఎంత సమయం పడుతుంది, విఫలమైతే ఆ ఉద్యోగి ఏం చేస్తారు. చివరి ప్రశ్నకు వచ్చే జవాబులే మీకు అన్నిటికన్నా విలువైనవి. దానితోపాటు గత మూడు నెలల్లో ఆగిపోయిన ఆర్డర్లను బయటకు తీసి, ఒక్కొక్కటి ఎందుకు ఆగిందో వర్గీకరించండి. ఎక్కువ ఆర్డర్లు ఆగిన కారణాలు సాధారణంగా నాలుగైదుకు మించవు, మొదట వాటికే పరిష్కారం కావాలి.

2. అమ్మే వస్తువును, నెట్‌వర్క్‌లో చేసే పనిని కేటలాగ్‌లో విడదీయండి

టెలికాం సంస్థల అంతర్జాతీయ వేదిక అయిన టీఎం ఫోరమ్ రూపొందించిన సమాచార నమూనాలో నాలుగు అంతస్తులు ఉంటాయి. పైన కస్టమర్ కొనే ప్రోడక్ట్, దాని కింద కస్టమర్‌కు కనిపించే సర్వీసు, ఆ కింద దాన్ని సాధ్యం చేసే సాంకేతిక సర్వీసు, అట్టడుగున పోర్టు, నంబరు, పరికరం వంటి రిసోర్సులు. ఆర్డర్‌ను పై అంతస్తు నుంచి కిందికి విడగొట్టుకుంటూ రావడాన్నే డీకంపోజిషన్ అంటారు. ఉదాహరణకు, 'ఇంటర్నెట్, ల్యాండ్‌లైన్ కలిసిన ప్యాకేజీ' అనే ఒక్క ప్రోడక్ట్ కింద బ్రాడ్‌బ్యాండ్ సర్వీసు, వాయిస్ సర్వీసు అని రెండుంటాయి. ఆ రెండింటికీ ఒకే ఫైబర్ యాక్సెస్ ఆధారం. దానికి మళ్లీ ఒక ఓఎల్‌టీ (సంస్థ వైపు ఉండే ఫైబర్ పరికరం) పోర్టు, ఒక ఓఎన్‌టీ (కస్టమర్ ఇంట్లో పెట్టే ఫైబర్ పరికరం), ఒక వీలాన్ (ఒకే నెట్‌వర్క్‌లో ట్రాఫిక్‌ను విడిగా ఉంచే వర్చువల్ విభాగం) కావాలి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, మార్కెటింగ్ విభాగం తెచ్చిన ప్రతి కొత్త ప్లానుకూ ఒక కొత్త సాంకేతిక సర్వీసును సృష్టించడం. ధర, డిస్కౌంటు, ఒప్పందం కాలవ్యవధి నెట్‌వర్క్‌కు అవసరం లేని విషయాలు. యాభై ప్లాన్లున్నా, నెట్‌వర్క్ వైపు ఒకే బ్రాడ్‌బ్యాండ్ సర్వీసు, దానికి డౌన్‌లోడ్ వేగం, అప్‌లోడ్ వేగం అనే రెండు పారామీటర్లు ఉంటే సరిపోతుంది. ఇలా ఉంచితే కొత్త ప్లాన్ విడుదలకు వర్క్‌ఫ్లో (పనులను వరుసగా నడిపే ఏర్పాటు) ముట్టుకోనక్కరలేదు. డీకంపోజిషన్ నియమాలను కూడా కోడ్‌లో కాకుండా కేటలాగ్‌లోనే డేటాగా ఉంచండి.

ఆర్డర్‌లోని ప్రతి అంశానికీ ఒక చర్య ఉంటుంది: కలపడం, మార్చడం, తీసివేయడం, యథాతథంగా ఉంచడం. కలపడానికి మాత్రమే నియమాలు రాసి, మిగిలినవి తర్వాత చూద్దామని వదిలేస్తే, కస్టమర్ ఇల్లు మారిన రోజున మీ సిస్టమ్ చేతులెత్తేస్తుంది. ఇల్లు మారడమంటే పాత చిరునామాలో తీసివేత, కొత్త చిరునామాలో చేర్పు, వాటి మధ్య అదే ఫోన్ నంబరును నిలబెట్టుకోవడం. ఈ మూడింటినీ ఒకే ఆర్డర్‌గా నడపగలరేమో ఇప్పుడే పరీక్షించుకోండి.

3. తప్పును గుమ్మంలోనే ఆపండి

ఆర్డర్ తీసుకునే సమయంలో ఒక నిమిషంలో సరిచేయగల తప్పు, యాక్టివేషన్ దాకా వెళ్తే నాలుగు విభాగాలు తిరిగి వెనక్కి వస్తుంది. చిరునామాను స్వేచ్ఛగా టైపు చేయనివ్వకుండా, రిజిస్టర్‌లో ఉన్న చిరునామాల్లోంచి ఎంచుకునేలా చేయండి. ఆ చిరునామాలో ఏ టెక్నాలజీ అందుబాటులో ఉందో, ఎంత వేగం ఇవ్వగలరో అక్కడికక్కడే అడిగి తెలుసుకునే క్వాలిఫికేషన్ ఏపీఐని (ఏపీఐ అంటే సిస్టమ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మార్గం) ఆర్డర్ స్క్రీన్‌కు కలపండి.

సంఖ్యల నిర్మాణాన్ని కూడా అక్కడే తనిఖీ చేయండి. జీపాన్ అనే రకం ఫైబర్ నెట్‌వర్క్‌లో ఓఎన్‌టీ సీరియల్ నంబరులో తయారీదారును సూచించే 4 అక్షరాల తర్వాత సాధారణంగా 8 హెక్సాడెసిమల్ అంకెలు వస్తాయి. హెక్సాడెసిమల్‌లో సున్నా నుంచి తొమ్మిది వరకు అంకెలు, ఆ తర్వాత ఇంగ్లిషు అక్షరాల్లో మొదటి ఆరు తప్ప మరేవీ ఉండవు. కాబట్టి చివరి 8 స్థానాల్లో సున్నాకు బదులు ఎవరైనా గుండ్రటి 'ఓ' అక్షరం కొడితే, ఆ ఆర్డర్ సేవ్ కాకముందే స్క్రీన్ ఆపగలదు. సిమ్ కార్డుకైతే దాని ఐసీసీఐడీ (సిమ్ గుర్తింపు నంబరు) చివరి అంకె, ముందున్న అంకెలను లూన్ పద్ధతిలో లెక్కించగా వచ్చే చెక్ అంకె. ఒక్క అంకె తప్పు పడినా ఆ లెక్క కుదరదు. ఫోన్ నంబరు ఈ.164 ప్రమాణం ప్రకారం దేశం కోడ్‌తో కలిపి 15 అంకెలకు మించకూడదు. ఇవన్నీ కొద్ది వరుసల కోడ్‌తో అయ్యే పనులు. అయినా బార్‌కోడ్ స్కాన్ చేసే వీలుంటే టైపింగ్‌ను పూర్తిగా తీసేయడమే మేలు.

4. పనుల వరుసను గీయండి

డీకంపోజిషన్ వల్ల ఏమేం పనులు చేయాలో తెలుస్తుంది. ఏది ముందు, ఏది తర్వాత, ఏవి ఒకేసారి నడవవచ్చు అన్నది ఆర్కెస్ట్రేషన్ ప్లాన్ చెబుతుంది. ఫైబర్ ఆర్డర్‌లో పోర్టు కేటాయింపు, పరికరం పంపడం, టెక్నీషియన్ అపాయింట్‌మెంట్ సమాంతరంగా మొదలుకావచ్చు. యాక్టివేషన్ మాత్రం పోర్టు ఖరారై, పరికరం సీరియల్ నంబరు తెలిసిన తర్వాతే జరగాలి. బిల్లింగ్ యాక్టివేషన్ విజయవంతమైన తర్వాతే మొదలవాలి. ఈ చివరి నియమాన్ని ఎంత ఒత్తిడి వచ్చినా సడలించకండి, పని చేయని కనెక్షన్‌కు బిల్లు వెళ్తే కస్టమర్ నమ్మకం తిరిగి రాదు.

తీసివేత ఆర్డర్‌ను కేవలం చేర్పు ఆర్డర్‌ను తిరగేసిన రూపంగా భావించవద్దు. బిల్లింగ్ ముగింపు తేదీ కస్టమర్ కోరిన తేదీని బట్టి నిర్ణయమవుతుంది. సర్వీసును నెట్‌వర్క్‌లో తొలగించిన తర్వాతే పోర్టును ఖాళీగా గుర్తించాలి. పరికరం తిరిగి రావడానికి వారాలు పట్టవచ్చు గనుక, దానికోసం మొత్తం ఆర్డర్‌ను తెరిచి ఉంచకుండా వేరే పనిగా విడదీయండి.

ఈ ప్లాన్లను గీయడానికి బీపీఎంఎన్ 2.0 (పనుల వరుసను బొమ్మగా గీసే ప్రమాణం) సంకేతాలు బాగా ఉపయోగపడతాయి. 2011లో వెలువడిన ఆ ప్రమాణాన్ని చాలా వర్క్‌ఫ్లో ఇంజిన్లు నేరుగా నడపగలవు. అయితే టెలికాం ఆర్డర్ రోజుల తరబడి, కొన్నిసార్లు నెలల తరబడి బతికి ఉంటుంది. ఆ మధ్యలో మీరు ప్లాన్ మార్చుతారు. అందువల్ల ప్రతి ప్లాన్‌కూ వెర్షన్ నంబరు ఉంచి, ఆర్డర్ ఏ వెర్షన్‌తో మొదలైందో అదే వెర్షన్‌తో ముగిసేలా చూడండి. ఆర్డర్ స్థితి ఎప్పుడూ డేటాబేస్‌లోనే భద్రంగా ఉండాలి. సర్వర్ రీస్టార్ట్ అయితే ఆర్డర్ ఆగిన చోటునుంచే కదలాలి.

5. సిస్టమ్‌ల మధ్య సంభాషణను గట్టిగా కట్టండి

వీలైనంత వరకు టీఎం ఫోరమ్ ఓపెన్ ఏపీఐలను అనుసరించండి. ప్రోడక్ట్ ఆర్డర్‌కు టీఎంఎఫ్ 622, సర్వీసు ఆర్డర్‌కు 641, రిసోర్స్ ఆర్డర్‌కు 652, సర్వీసు ఇన్వెంటరీకి (ప్రస్తుతం ఏమేం ఉన్నాయో చూపే రికార్డుకు) 638, రిసోర్స్ ఇన్వెంటరీకి 639 ఉన్నాయి. రేపు ఒక సిస్టమ్‌ను మార్చవలసి వచ్చినా మిగతావి కదలకుండా ఉండడానికి ఇది తోడ్పడుతుంది. పాత సిస్టమ్‌లకు ఇవేవీ తెలియకపోతే, వాటి ముందు ఒక చిన్న అడాప్టర్ పెట్టి, తర్జుమా పని దానికి అప్పగించండి.

ఇక టైమ్‌అవుట్ల సంగతి. నేను పాల్గొన్న ఒక ప్రాజెక్టులో యాక్టివేషన్ కాల్‌కు 30 సెకన్ల గడువు పెట్టారు. రద్దీ సమయంలో నెట్‌వర్క్ సిస్టమ్ ఆ పనిని అంతకన్నా కొద్ది సెకన్లు ఆలస్యంగా పూర్తి చేసేది. మా ఆర్కెస్ట్రేటర్ (పనులను వరుసగా నడిపే సిస్టమ్) అప్పటికే విఫలమైందని నిర్ణయించి అదే అభ్యర్థనను మళ్లీ పంపేది. ఫలితంగా ఒకే పోర్టు మీద రెండు సర్వీసులు తయారై, కస్టమర్‌కు రెండూ పని చేసేవి కావు. లాగ్‌లో మాత్రం రెండో అభ్యర్థన 'విజయం' అని కనిపించేది కాబట్టి, కారణం పట్టుకోవడానికి చాలా రోజులు పట్టింది.

టైమ్‌అవుట్ అంటే జవాబు రాలేదని మాత్రమే అర్థం, పని జరగలేదని అర్థం కాదు. ప్రతి అభ్యర్థనకూ మార్పులేని ఒక గుర్తింపు సంఖ్య ఇవ్వండి. అదే సంఖ్యతో రెండోసారి అభ్యర్థన వస్తే అవతలి సిస్టమ్ పనిని మళ్లీ చేయకుండా పాత జవాబునే తిరిగి ఇవ్వాలి. అవతలి సిస్టమ్‌కు ఆ సామర్థ్యం లేకపోతే, మళ్లీ పంపే ముందు ప్రస్తుత స్థితిని అడిగి చూసే మెట్టును మీ వర్క్‌ఫ్లోలోనే చేర్చండి. ఎక్కువ సమయం పట్టే పనులకు జవాబు కోసం లైన్‌లో వేచి ఉండకుండా, అభ్యర్థన అందిందన్న రసీదు తీసుకుని, ఫలితం తర్వాత ఈవెంట్ రూపంలో వచ్చేలా ఏర్పాటు చేయండి. ఆ ఈవెంట్ దారిలో పోవచ్చు కాబట్టి, నిర్ణీత గడువు దాటితే మీరే వెళ్లి అడిగే ఏర్పాటు కూడా ఉండాలి.

మళ్లీ ప్రయత్నించే నియమం అన్ని లోపాలకూ ఒకటి కాదు. కనెక్షన్ తెగిపోవడం, సిస్టమ్ బిజీగా ఉండడం లాంటివి కాసేపటికి వాటంతట అవే సర్దుకుంటాయి. వాటికి 1, 2, 4, 8 నిమిషాలు అన్నట్టు విరామం పెంచుకుంటూ ప్రయత్నించవచ్చు. 'ఈ పోర్టు వేరొకరికి కేటాయించి ఉంది' అన్న జవాబును వందసార్లు అడిగినా మారదు, అది వెంటనే కింద చెప్పిన దారిలోకి వెళ్లాలి.

6. ఆగిపోయిన ఆర్డర్లకు దారి చూపండి

ఆటోమేషన్ తనంతట తాను పూర్తి చేయలేక మనిషి సాయం కోరే ఆర్డర్లను ఫాల్‌అవుట్ అంటారు. చాలా సంస్థల్లో ఫాల్‌అవుట్ స్క్రీన్‌ను చివరి వారంలో హడావుడిగా తయారు చేస్తారు. నా అనుభవంలో మొత్తం సిస్టమ్‌లో అత్యంత శ్రద్ధ అవసరమైన స్క్రీన్ అదే, ఎందుకంటే మీ ఉద్యోగులు రోజంతా గడిపేది అక్కడే.

ఆ స్క్రీన్ చూసే ఉద్యోగికి అవతలి సిస్టమ్ ఇచ్చిన ముడి ఎర్రర్ కోడ్ ఒక్కటే చూపిస్తే, ప్రతి ఆర్డర్‌కూ డెవలపర్‌ను పిలవవలసి వస్తుంది. ఏ పని ఆగింది, మామూలు మాటల్లో కారణమేమిటి, ఏ సమాచారం పంపారు, ఇంతకు ముందు ఇలాంటి దాన్ని ఎలా పరిష్కరించారు అన్నవి ఒకేచోట కనిపించాలి. సరిచేసిన తర్వాత ఆర్డర్ ఆగిన పని నుంచే కొనసాగాలి. మొదటినుంచి మళ్లీ నడపవలసిన అవసరం వస్తే, అప్పటికే పంపిన పరికరాన్ని రెండోసారి పంపే ప్రమాదం ఉంటుంది. ప్రతి రకం లోపానికీ బాధ్యులైన బృందం ఎవరో ముందే నిర్ణయించి, ఆర్డర్ నేరుగా వాళ్ల క్యూలోకే వెళ్లేలా చేయండి. అందరికీ చెందిన క్యూను ఎవరూ తెరిచి చూడరు.

ఎక్కువగా ఎదురయ్యే ఫాల్‌అవుట్ ఇన్వెంటరీ తేడాల వల్ల వస్తుంది. రికార్డులో ఖాళీగా ఉన్న పోర్టులో టెక్నీషియన్ వెళ్లి చూస్తే ఎవరిదో కేబుల్ ఉంటుంది. ఎప్పుడో ఒక రాత్రి మరమ్మతు సమయంలో కనెక్షన్‌ను పక్క పోర్టుకు మార్చి, రికార్డు మార్చడం మరిచిపోయి ఉంటారు. ఇలాంటప్పుడు సిస్టమ్ మూడు పనులు చేయాలి: ఆ పోర్టును 'సందేహాస్పదం' అని గుర్తించి మరెవరికీ కేటాయించకుండా ఆపడం, అదే స్ప్లిటర్ (ఒక ఫైబర్‌ను పలు కనెక్షన్లకు పంచే పరికరం) మీద వేరే పోర్టును వెంటనే కేటాయించి కస్టమర్ ఆర్డర్‌ను ముందుకు నడపడం, ఇన్వెంటరీ బృందానికి తనిఖీ పని ఒకటి సృష్టించడం. మొదటి పని వదిలేస్తే, అదే పోర్టు మరుసటి ఆర్డర్‌కు కేటాయింపై, అదే టెక్నీషియన్ మళ్లీ అక్కడికే వెళ్లవలసి వస్తుంది. దీనికి మూలం ఆర్డర్ సిస్టమ్‌కు తెలియకుండా నెట్‌వర్క్‌లో నేరుగా చేసే మార్పులు. వాటిని నిషేధించడం అత్యవసర వేళల్లో సాధ్యం కాదు కనుక, నెట్‌వర్క్‌లోని వాస్తవ స్థితిని రోజూ రాత్రి చదివి ఇన్వెంటరీతో పోల్చే పనిని షెడ్యూల్ చేయండి.

ఆర్డర్ స్థితుల పేర్లను కూడా జాగ్రత్తగా వాడండి. టీఎం ఫోరమ్ ప్రోడక్ట్ ఆర్డర్ ఏపీఐలో పెండింగ్, హెల్డ్, ఫెయిల్డ్, పార్షియల్ అనేవి వేర్వేరు స్థితులు. కస్టమర్ నుంచో, బయటి నుంచో ఏదో రావలసి ఉన్నప్పుడు ఒక స్థితి, లోపం వల్ల ఆగినప్పుడు మరొకటి, కొన్ని అంశాలు పూర్తయి కొన్ని విఫలమైనప్పుడు ఇంకొకటి అని మీ సంస్థలో ఒక నిర్వచనం రాసి పెట్టుకోండి. అన్నిటినీ 'ఇన్ ప్రోగ్రెస్' కింద పడేస్తే, నెల రోజులుగా కదలని ఆర్డర్ కూడా రిపోర్టులో ఆరోగ్యంగానే కనిపిస్తుంది.

7. మధ్యలో మారే ఆర్డర్ల నియమాలు రాయండి

కస్టమర్ ఆర్డర్ పెట్టిన రెండో రోజున వేగం పెంచమంటాడు, మూడో రోజున తేదీ మార్చమంటాడు, నాలుగో రోజున వద్దంటాడు. ప్రతి ప్లాన్‌లోనూ వెనక్కి రాలేని బిందువును గుర్తించండి. ఫైబర్ ఆర్డర్‌లో అది సాధారణంగా యాక్టివేషన్. వేరే ఆపరేటర్ నుంచి నంబరు తెచ్చుకునే ఆర్డర్‌లో అది పోర్టింగ్ ఖరారైన క్షణం, ఆ తర్వాత నంబరును వెనక్కి పంపాలంటే మళ్లీ కొత్త పోర్టింగే జరగాలి. ఆ బిందువుకు ముందైతే నడుస్తున్న ఆర్డర్‌లోనే మార్పు చేయవచ్చు. దాటిపోతే, ఉన్నదాన్ని ముగియనిచ్చి మార్పు కోసం కొత్త ఆర్డర్ తీసుకోవాలి.

రద్దు చేసేటప్పుడు పూర్తయిన ప్రతి పనికీ దాని ఫలితాన్ని తుడిచే ప్రతిక్రియ ఒకటి ఉండాలి. పోర్టు కేటాయించి ఉంటే విడుదల చేయడం, అపాయింట్‌మెంట్ ఉంటే రద్దు చేయడం, పరికరం దారిలో ఉంటే వెనక్కి రప్పించే పని తెరవడం. ఈ ప్రతిక్రియలు కూడా విఫలం కావచ్చు, అవీ ఫాల్‌అవుట్ స్క్రీన్‌కే రావాలి. రద్దు అభ్యర్థన అందిన వెంటనే ఆర్డర్‌ను 'రద్దయింది' అని చూపించకండి. రద్దు సాధ్యమేమో పరిశీలిస్తున్న దశ, రద్దు పనులు నడుస్తున్న దశ రెండూ విడిగా కనిపించాలి.

8. ఆలస్యాన్ని ముందే పసిగట్టండి

ప్రతి పనికీ సాధారణంగా పట్టే సమయం మీ దగ్గర ఇప్పుడు ఉంది. మిగిలిన పనుల సమయాన్ని కలిపి, కస్టమర్‌కు ఇచ్చిన తేదీ దాటేలా ఉంటే, తేదీ రాకముందే హెచ్చరిక వచ్చేలా చేయండి. కస్టమర్‌కు పంపే సందేశాలను అతనికి అర్థమయ్యే నాలుగైదు మైలురాళ్లకే పరిమితం చేయండి.

9. పరీక్షించి, కొద్దికొద్దిగా విడుదల చేయండి

పరీక్షల్లో అవతలి సిస్టమ్‌ల స్థానంలో పెట్టే నకిలీ సిస్టమ్‌లు ఎప్పుడూ 'విజయం' అని చెబితే మీరు పరీక్షించింది చాలా తక్కువ. అవి కొన్నిసార్లు ఆలస్యంగా, కొన్నిసార్లు రెండుసార్లు, కొన్నిసార్లు వరుస తప్పి జవాబివ్వాలి, ఒక్కోసారి అసలు ఇవ్వకూడదు. సర్వర్‌ను పని మధ్యలో ఆపి, తిరిగి లేపి, ఆర్డర్ ఎక్కడినుంచి మొదలైందో చూడండి.

విడుదలకు ఒక ప్రోడక్ట్, ఒక ప్రాంతం ఎంచుకోండి. మొదటి కొన్ని వారాలు యాక్టివేషన్‌కు ముందు ఒక ఉద్యోగి ఆమోదించే మెట్టు ఉంచి, ఆమోదాలన్నీ మార్పుల్లేకుండా సాగుతున్నాయని తేలాక దాన్ని తీసేయండి. పాత పద్ధతిలో మొదలైన ఆర్డర్లను కొత్త సిస్టమ్‌లోకి మార్చే ప్రయత్నం చేయకండి, అవి అక్కడే ముగియడం చౌక. కొలవవలసినవి ఇవి: మనిషి చేయి పడకుండా పూర్తయిన ఆర్డర్ల శాతం, ఆర్డర్ నుంచి యాక్టివేషన్ దాకా పట్టిన సమయం, మొదటి బిల్లులోనే వచ్చిన తప్పులు, ఫాల్‌అవుట్‌లో ఉన్న ఆర్డర్ల వయసు. సమయాన్ని సగటుతో మాత్రమే చూడకండి. వందలో తొంభై ఆర్డర్లు ఎన్ని రోజుల్లో పూర్తవుతున్నాయో చూస్తే, సగటు వెనక దాగిన కస్టమర్లు కనిపిస్తారు.

విడుదల రోజుకే ఒక ఆపే స్విచ్ సిద్ధంగా ఉండాలి. ఒక ఓఎల్‌టీలో సాఫ్ట్‌వేర్ మార్పు జరుగుతున్నప్పుడు మొత్తం వర్క్‌ఫ్లోను కాకుండా, ఆ పరికరానికి వెళ్లే యాక్టివేషన్ పనులను మాత్రమే నిలిపివేసే వీలుండాలి. తిరిగి తెరిచేటప్పుడు ఆగి ఉన్న వందల పనులను ఒక్కసారిగా వదలకుండా, నిమిషానికి ఇన్ని అని పరిమితి పెట్టి వదలండి, ఆ పరిమితిని సాఫ్ట్‌వేర్ విడుదల అవసరం లేకుండా ఆపరేషన్స్ ఉద్యోగే స్క్రీన్ మీద మార్చుకోగలగాలి.